శ్రుతి మించి రాగాన పడితే

శ్రోతలకు నమస్కారం.

మా పెద్దమ్మ కూతురి పెళ్లిలో జరిగిన సంగతి ఇది. పెళ్లికొడుకు చెప్పులు దాచేశారు మా పిల్లలు. మరదళ్ల హక్కు కదా, అందరూ నవ్వారు. అతనూ నవ్వుతూ జేబులోంచి నోటు తీశాడు. బంతిలో కూర్చున్నాక కూడా వేళాకోళం ఆగలేదు. ఒకమ్మాయి "ఇంతేనా బావగారూ?" అంది. ఇంకో అమ్మాయి అతని జీతం అడిగింది. మరో అబ్బాయి మగపెళ్లివారు పెట్టిన చీరల మీదికి వెళ్లాడు. అంతసేపూ నవ్వుతున్న వియ్యపురాలి చేయి ఆగిపోయింది. పప్పు కలిపిన అన్నం విస్తట్లో అలాగే ఉంది.

నెయ్యి వడ్డిస్తున్న మా తాతయ్య గిన్నె పట్టుకుని నిలబడిపోయారు. "ఒరే, శ్రుతి మించి రాగాన పడుతోందర్రా" అన్నారు. అంతే, ఎవర్నీ తిట్టలేదు. పిల్లలు చెప్పులు తెచ్చి ఇచ్చేశారు. ఆవిడ ముద్ద ఎత్తింది.

ఆయన "హద్దు మీరుతున్నారు" అని ఉంటే? అది మందలింపు. పిల్లలు ముఖం ముడుచుకునేవారు, ఆవిడ ఇంకా చిన్నబుచ్చుకునేది. హద్దంటే పొలం గట్టు లాంటిది. దాటినవాడిది తప్పే. శ్రుతి అలా కాదు. కచేరీలో గాయకుడి వెనక తంబురా చూసే ఉంటారు. నాలుగే తీగలు, పంచమం, షడ్జం, ఆగకుండా మోగుతూనే ఉంటాయి. పాట ఆ శ్రుతిలోనే మొదలవుతుంది. పాడుతూ పాడుతూ ఉత్సాహంలో గొంతు పైకి జారుతుంది. పాడేవాడికి తెలియదు, వినేవాళ్లకు తెలుస్తుంది.

అందుకే దొంగతనం శ్రుతి మించిందని ఎవరూ అనరు. మొదలే బాగాలేనిదానికి ఈ మాట అతకదు. వేళాకోళం శ్రుతి మించుతుంది, చనువు శ్రుతి మించుతుంది, గారాబం శ్రుతి మించుతుంది. మొదలు మంచిదే అని ఒప్పుకుంటూనే ఇక చాలు అని చెప్పే మాట ఇది. నాకు ఇందుకే ఇది చాలా ఇష్టం.

ఒక్క చిన్న మనవి. ఈ మాటను చాలామంది శకు వట్రసుడి ఇచ్చి రాస్తున్నారు. శకు కొమ్ము, కింద రావత్తు ఉండాలి. వినడం అనే అర్థమున్న ధాతువులోంచి వచ్చింది శ్రుతి. శ్రవణం అక్కడిదే. ఇప్పుడు రేడియో దగ్గర కూర్చున్న మిమ్మల్ని పిలిచాను చూడండి, శ్రోతలని, ఆ మాటా అక్కడిదే.