ఏ గోడకు ఏ కిటికీ

శ్రోతలకు నమస్కారం.

రెండేళ్ల కింద నల్లగొండలో మా ఇంటి కిటికీలు మార్పించాం. నాన్న కట్టించిన ఇల్లు. మద్ది చౌకట్లు, టేకు పలకల తలుపులు, లోపల ఇనుప చువ్వలు. వానాకాలం వస్తే కర్ర ఉబ్బి తలుపులు పట్టేసేవి. చౌకట్ల కింది భాగాలకు చెదలు. ఇక లాభం లేదనుకుని ఏడు కిటికీలకూ ఒకే రకం, తెల్లని యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ చౌకట్లతో పక్కకు జరిగే స్లైడింగ్ కిటికీలు చెప్పేశాం. ఆరు బిగించేసరికి చేతిలో డబ్బులు అయిపోయాయి. పడమటి గోడకు రెండు కిటికీలుంటే, హాల్లోది కొత్తది, వెనక గదిలోది పాతది మిగిలాయి.

ఆ మే నెలలో ఇంటిల్లిపాదీ మధ్యాహ్నం పడుకోను పోయింది ఎక్కడికో తెలుసా? పాత కిటికీ ఉన్న గదికే.

కారణం చౌకట్టులో లేదు, అద్దంలో ఉంది. షాపులో అల్యూమినియం వేడిని పట్టుకుంటుందని, యూపీవీసీ పట్టుకోదని చెప్తారు. అబద్ధం కాదు. అల్యూమినియం వేడిని ఎన్నో రెట్లు త్వరగా లోపలికి పంపుతుంది. కానీ కిటికీలో ఎక్కువ జాగా అద్దానిదే కదా! ఎండ అద్దంలోంచి నేరుగా వచ్చి గచ్చు మీద, మంచం మీద పడుతుంది. అవి వేడెక్కాక ఆ వేడి అద్దం దాటి అంత సులువుగా బయటికి పోదు. మా పాత టేకు తలుపులైతే పదకొండింటికి మూసేస్తే ఎండ బయటే ఆగిపోయేది.

అందుకే షాపుకు పోయే ముందు ఒక రోజంతా ఇంట్లో కూర్చుని, ఎండ ఏ గోడ మీద ఎప్పుడు పడుతుందో చూడండి. మన నల్లగొండ, పాలమూరు ప్రాంతంలో మే రెండో వారం వచ్చేసరికి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. దక్షిణపు కిటికీకి ఎండాకాలంలో ఎండ బాధే లేదు. చలికాలంలో పడే ఎండ ఎటూ మనకు ఇష్టమే. బాధంతా పడమటితో. సాయంత్రం సూర్యుడు కిందికి దిగి సజ్జ కింద నుంచి లోపలికి దూరతాడు. రెండడుగుల సజ్జ వేసినా ఆపలేదు. అక్కడ కిటికీ చిన్నదిగా, చెక్క తలుపుతో ఉంటే మేలు. అద్దమే పెట్టాలంటే బయటి వైపు తడకో, వెదురు చాపో వేలాడదీయాలి. లోపల పరదా వేస్తే వెలుతురు తగ్గుతుంది కానీ, వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది.

డబుల్ గ్లాస్, అంటే రెండు పొరల అద్దం పెట్టుకోమని కూడా చెప్తారు. రోజంతా ఏసీ వేసుకుని మూసి ఉంచే గదికి పనికొస్తుంది. రోడ్డు మోత ఉన్న ఇంటికీ సరే. సాయంత్రం కిటికీలన్నీ బార్లా తెరుచుకునే మనలాంటి ఇళ్లలో ఆ డబ్బు దండగ అని నా అభిప్రాయం.

గాలి సంగతి వేరే. స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా, రెండు తలుపులదైతే తెరుచుకునేది సగమే. ఆ సగానికి దోమల జాలీ అడ్డం వస్తే ఇంకా తగ్గుతుంది. బందుల మీద తెరుచుకునే రకమైతే మొత్తం తెరుచుకుంటుంది. పడక గదికి అది నయం. బాల్కనీ వైపు, నడిచే దారి వైపు తలుపు తగులుతుందనుకుంటే స్లైడింగ్ పెట్టుకోండి. కోతులున్న వాడల్లో గ్రిల్ తప్పదు. వాటికి స్లైడింగ్ తలుపు పక్కకు జరపడం మనకంటే బాగా వచ్చు! ఒక్క కిటికీ గ్రిల్ మాత్రం లోపలి నుంచి తెరుచుకునేలా చేయించండి, నిప్పంటుకున్నప్పుడు బయటపడడానికి.

కొలతల దగ్గర తొందర వద్దు. పాత గోడలు మూలమట్టానికి ఉండవు. వెడల్పు పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ఎత్తూ అట్లాగే కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చినదాన్ని పట్టుకోవాలి. ఐమూలగా రెండు వైపులా కొలిస్తే వంకర తెలుస్తుంది. టఫెన్డ్ గ్లాస్, అంటే గట్టిపరిచిన అద్దం అయితే మరీ జాగ్రత్త, ఒకసారి తయారయ్యాక దాన్ని కోయడం కుదరదు. యూపీవీసీ వాళ్లను కోసిన ముక్క చూపించమనండి, లోపల బలానికి వేసే ఇనుప పట్టీ ఉందో లేదో తెలుస్తుంది. అడుగుకు ఇంత అని రేటు చెప్పినప్పుడు జాలీ, గ్రిల్, బిగింపు, పగిలిన గోడకు గిలాబు అందులోనే ఉన్నాయా అని కాగితం మీద రాయించుకోండి. మేం రాయించుకోలేదు. గిలాబు ఖర్చు విడిగా పడింది.

ఇంకోటి. స్లైడింగ్ కిటికీ కింది పట్టాలో బయటి వైపు చిన్న రంధ్రాలుంటాయి, వాన నీళ్లు పోవడానికి. మా దగ్గర బిగించినవాళ్లు వాటిని సిమెంటుతో పూడ్చేశారు. జూన్‌లో పడమటి జల్లు కొట్టినప్పుడు నీళ్లు హాల్లోకే వచ్చాయి. మేకుతో పొడిచి ఒక్కొక్కటే తెరుచుకున్నాం.

ఇప్పుడు హాల్లోని కొత్త కిటికీకి బయట వెదురు చాప వేలాడుతోంది. వెనక గదికి మొన్న వడ్లాయనను పిలిచాం. చెదలు తిన్న కింది ముక్క కోసేసి కొత్తది అతికాడు. పట్టేసే తలుపు అంచును ఒక నూలు మందం చిత్రిక పట్టి, నూనె రాసి పోయాడు. ఈ వానలకు అది ఇంతవరకు పట్టలేదు.