ముఖం చూసి నమ్మకండి

అందరికీ నమస్కారం. ఏఐ చేసిన ఫోటో అయితే చూడగానే పట్టేస్తానని ధీమాగా చెప్పేవాళ్లు ఈ హాల్లో కూడా చాలామందే ఉంటారు. నా బెంగంతా వాళ్ల గురించే.

2022లో సోఫీ నైటింగేల్, హానీ ఫరీద్ అనే పరిశోధకులు 315 మందికి ముఖాలు చూపించి, ఏది నిజమైన మనిషిదో, ఏది కంప్యూటర్ తయారుచేసిందో చెప్పమన్నారు. సరైన జవాబులు 48.2 శాతం. బొమ్మా బొరుసా వేసుకున్నా దాదాపు అంతే వచ్చేది! ఇంకో గుంపుకి ముందే మెళకువలు నేర్పి, ప్రతి జవాబుకీ తప్పో ఒప్పో చెబుతూ వచ్చినా 59 దగ్గరే ఆగిపోయారు. మూడోసారి, ఈ ముఖాన్ని ఎంత నమ్మొచ్చో 7కి మార్కులు వేయమంటే అసలు మనుషులకు సగటున 4.48 పడితే, ఈ లోకంలోనే లేని మనుషులకు 4.82 పడ్డాయి. మోసగాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి?

ఎందుకలా అంటే, ఆ ముఖాలు చేసిన స్టైల్‌గాన్2 అనే సాఫ్ట్‌వేర్ వేలకొద్దీ ఫోటోలు చూసి నేర్చుకుంది కాబట్టి, అది చేసే ముఖం సగటు వైపే మొగ్గుతుందని ఆ పరిశోధకుల అంచనా. మరీ కోటేరు ముక్కో, ఎత్తు పళ్లో ఉండటం తక్కువ. అలాంటి ముఖం ఎక్కడో చూసినట్టే ఉంటుంది, చూసినట్టున్న ముఖాన్ని మనసు ఇట్టే నమ్మేస్తుంది.

2023లో వచ్చిన మరో అధ్యయనంలో తెల్లవాళ్ల ఏఐ ముఖాలను 100కి 66 సార్లు మనిషే అన్నారు, నిజమైన తెల్లవాళ్ల ముఖాలనేమో 51 సార్లే. ఎక్కువ తప్పులు చేసినవాళ్లే ఎక్కువ నమ్మకంగా చెప్పారట, నాకు టెన్షన్ పెట్టేది ఇదే. సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న ఫోటోల్లో తెల్లవాళ్లవే ఎక్కువ కాబట్టి మిగతావాళ్ల ముఖాల్లో ఇంత తేడా కనిపించలేదు. అలాగని మనకేం భయం లేదనుకోకండి, మన ఫోటోలూ ఆ సాఫ్ట్‌వేర్ల నోట్లో పడేకొద్దీ మనలాంటివాళ్ల ఏఐ ముఖాలూ అలాగే నమ్మిస్తాయి.

గుర్తులు అసలే లేవా అంటే, ఉన్నాయి. ఒక చెవికి జూకా, రెండో చెవికి రింగు. కళ్లజోడు ఒకవైపు ఒకలా, రెండోవైపు ఇంకోలా. జుట్టు అంచులు వెనకున్న గోడలో కలిసిపోవడం. ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ వాళ్లు ఇలాంటివి ఐదు నిమిషాలు నేర్పితే, ఏఐ ముఖాలను పట్టుకోవడంలో మామూలు జనం 31 శాతం నుంచి 51కి వచ్చారు. అంటే నేర్చుకున్నాక కూడా సగం తప్పులే, పైగా కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చినప్పుడల్లా పాత గుర్తులు మాయమవుతాయి.

అందుకే, పెళ్లి సంబంధమని గానీ, ఉద్యోగమిస్తామని గానీ ఎవరైనా ఫోటో పంపితే, చెవులూ పళ్లూ చూస్తూ కూర్చోకండి. ఆ మనిషిని నేరుగా ఎరిగినవాళ్లు ఎవరున్నారో అడగండి, ఆఫీసు నంబరు మీరే వెతికి ఫోన్ చేయండి, అది తేలేదాకా ఒక్క రూపాయి కూడా పంపకండి.