చిక్కటి ఆయిల్ పోస్తే క్యామ్ అరగదా?

"తిరుపతి ఎండలకి పలచటి ఆయిల్ ఏం ఆగుతుందన్నా, చిక్కటి గ్రేడు 20డబ్ల్యూ-50 పోయి, క్యామ్‌కి ఢోకా ఉండదు." ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిర్రెత్తుతుంది. క్యామ్ అంటే ఇంజన్లో తిరుగుతూ తన ముక్కుతో వాల్వుల్ని తెరిచే భాగం. చిక్కదనం వేరు, క్యామ్‌ని కాపాడే సరుకు వేరు.

ఎండాకాలంలో తిరుమల మాడవీధుల్లో చెప్పుల్లేకుండా నడిచే ఉంటారు. అక్కడ నీళ్లు చల్లుతారు, తెల్ల పెయింటూ వేస్తారు. పాదం పడగానే నీళ్లు పక్కకు పోతాయి, పెయింట్ మాత్రం ఉంటుంది. ఆయిల్ ఆ నీళ్లయితే, అందులో కలిపే జింక్ మందు, అంటే జడ్‌డీడీపీ, ఆ పెయింట్.

బేరింగుల్లో ఆయిల్ పొర మీదే షాఫ్ట్ తేలుతుంది, సరే. కానీ క్యామ్ ముక్కు, దాని నెట్టుడుని వాల్వ్‌కి అందించే టప్పెట్‌ని తాకేది సన్నటి గీతంత చోటే, వాల్వ్ స్ప్రింగ్ బలమంతా ఆ గీత మీదే పడుతుంది, అక్కడ ఎంత చిక్కటి ఆయిలైనా నలిగి తప్పుకుంటుంది. అప్పుడు ఆ వేడికి, ఒత్తిడికి జింక్ మందు ఇనుము మీద పొర కడుతుంది. అరిగేది ఆ పొరే, ఆయిల్లో మందు ఉన్నంతకాలం మళ్లీ కడుతూనే ఉంటుంది. జనం కాళ్లకి మాడవీధిలో పెయింట్ అరిగితే మళ్లీ వేయరా?

ఇదిగో, ఈ కొత్త టప్పెట్ అడుగు కాస్త ఉబ్బెత్తుగా ఉంది, స్టీలు స్కేలు పెడితే ఊగుతోంది. ఈ పాతది చూడండి, అరిగిపోయి గుంత పడిపోయింది.

ఇంకో తమాషా ఏంటంటే, ముక్కు మీద ఒత్తిడి ఎక్కువుండేది స్పీడులో కాదు, ఐడ్లింగ్‌లో. అలిపిరి చెకింగ్ దగ్గర క్యూలో నిలబడ్డ బండన్నమాట. అందుకే పాత 1489 సీసీ అంబాసిడర్‌కి కొత్త క్యామ్ వేస్తే మొదటి 20 నిమిషాలు 2000 ఆర్‌పీఎం పైనే ఉంచాలి. స్టార్ట్ చేసి, ఐడ్లింగ్‌లో వదిలేసి టీకి పోయే మెకానిక్‌కి నేనైతే బండి ఇవ్వను.

మరి జింక్ దండిగా పోయొచ్చుగా అంటారా? అందులోని ఫాస్ఫరస్, బండి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని చెడగొడుతుంది. అందుకే ఏపీఐ ఎస్ఎన్ అనే నాణ్యతా ప్రమాణం ఉన్న పలచటి 5డబ్ల్యూ-30లో ఫాస్ఫరస్ 0.06 నుంచి 0.08 శాతమే. క్యామ్ కింద రాసుకోకుండా దొర్లే రోలర్లున్న కొత్త ఇంజన్లకి అది చాలు. కొత్త కారుకి మాన్యువల్‌లో ఉన్నదే పోయండి, విడిగా జింక్ సీసాలు కొనకండి.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. గేర్ల బైకుకి జాసో ఎంఏ2 అనే బైకు ఆయిల్ ప్రమాణం ఉన్నది పోయండి, అందులో ఫాస్ఫరస్ 0.08 నుంచి 0.12 శాతం. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారొచ్చు. గేర్లు లేని స్కూటర్‌కి జాసో ఎంబీ. రోలర్లు లేని పాత కారుకి మాత్రం గ్రేడు మాన్యువల్ ప్రకారమే తీసుకుని, కంపెనీ డేటా షీట్‌లో ఫాస్ఫరస్ 0.1 శాతం దాటిందో లేదో చూసి కొనండి.