నీళ్లలో ఆగిన బండికి తాళం తిప్పొద్దు

(చెన్నై మడిపాక్కంలో తెలుగు కుటుంబాల ఆదివారపు సమావేశంలో ఒక మోటారు సర్వేయరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ మాట పడకుండా ముందే ఒక సంగతి ఒప్పేసుకుంటాను. ఇన్సూరెన్సు క్లెయిమ్ కోసం దెబ్బతిన్న బండ్లు చూసి నష్టం లెక్కకట్టడమే నా పని. ఈ ఊళ్లో ఇరవై ఏళ్లకు పైగా అదే చేస్తున్నాను. 2015 డిసెంబరులో వేళచ్చేరిలో మా మెట్ల మీదికి నీళ్లొచ్చాయి. అవి తీసిన మర్నాడు పొద్దున్నే లుంగీ ఎగగట్టుకుని కిందికి దిగాను. దిగి నేను చేసిన మొదటి పనేంటో తెలుసా? కారెక్కి తాళం తిప్పడం. ఒక్కసారే తిప్పాను. లోపల ఎక్కడో 'టక్' మంది. ఆ టక్ ఖరీదెంతో తర్వాత చెప్తాను.

నన్ను పిలిచింది ఆన్‌లైన్‌లో కారు ఇన్సూరెన్సు ఎలా కొనాలి, క్లెయిమ్ ఎలా చేసుకోవాలి అని చెప్పమని. ఈ రెంటినీ జనం వేరువేరు పనులనుకుంటారు. నా అనుభవంలో అవి రెండు కావు. క్లెయిమ్ అప్పుడు నేనొచ్చి చూసేది సగం బండిని, సగం మీరు కొన్న రోజు ఏం నొక్కారన్నది.

మా నెల్లూరులో ఒక ఏజెంటు ఉండేవాడు. సంచీ చంకన పెట్టుకుని ఇంటికొచ్చేవాడు, కాఫీ తాగేవాడు, ఊరి కబుర్లన్నీ చెప్పేవాడు. ఆ కబుర్ల మధ్యలోనే, "పోయినేడు లారీకి గీసుకున్నారు కదా, బోనస్ రాదులెండి" అని ఆయనే రాసుకునేవాడు. ఇప్పుడు ఆయన స్థానంలో ఫోనుంది. బండి నంబరు కొడితే చాలు, మోడలూ సంవత్సరమూ వాటంతటవే వచ్చేస్తాయి. అయిదు నిమిషాల్లో పాలసీ చేతికొస్తుంది. నేను దానికి వ్యతిరేకిని కాదు, నా బండికీ అలాగే కొంటాను. కాకపోతే ఆయన అడిగే ప్రశ్నలు ఇప్పుడు మనల్ని మనమే వేసుకోవాలి.

ముందు ధర సంగతి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి తీసుకునేది, అది లేకుండా బండి రోడ్డెక్కడం 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. మొదటిసారి పట్టుబడితే 2,000, మళ్లీ పట్టుబడితే 4,000 జరిమానా, జైలు కూడా పడొచ్చు. ఆ థర్డ్ పార్టీ రేటును కంపెనీ వేసుకోదు, ప్రభుత్వం వేస్తుంది. 2022 జూన్‌లో వేసిన రేట్లు చూడండి: 1000 సీసీ దాటని కారుకి 2,094 రూపాయలు, 1500 లోపు దానికి 3,416, అది దాటితే 7,897. ఏ కంపెనీ దగ్గర కొన్నా ఇందులో పైసా తేడా రాదు. మరి ఒకచోట తొమ్మిది వేలు, ఇంకోచోట ఆరు వేలు చూపిస్తున్నారంటే ఆ కోత ఎక్కడ పడుతున్నట్టు? మన సొంత బండికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ భాగంలో. కొన్నిసార్లు అది నిజంగా డిస్కౌంటే. కొన్నిసార్లు మాత్రం ఐడీవీ తగ్గించి ఉంటారు.

ఐడీవీ అంటే ఈరోజు మీ బండి విలువ ఇంతని పాలసీలో రాసుకున్న అంకె. స్క్రీను మీద ఒక గీత ఉంటుంది, వేలితో ఎడమకి జరిపితే ప్రీమియం తగ్గుతూ వస్తుంది. ఆ గీత జరపడం భలే సరదాగా ఉంటుంది. అయితే దొంగ ఎత్తుకుపోయినా, బండి మొత్తం పాడైనా చేతికొచ్చేది ఆ అంకే. ఇంకో మెలిక కూడా ఉంది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండి 'టోటల్ లాస్' కింద పోతుంది. అయిదు లక్షల బండిని నాలుగని రాసుకున్నారనుకోండి, రిపేరు ఎస్టిమేటు మూడు లక్షలు దాటగానే బండి పోయినట్టే లెక్క, వచ్చేది నాలుగే. అయిదని రాసుకునుంటే అదే బండి రిపేరై ఇంటికొచ్చేది. వరదలో మునిగిన బండికి సీట్లు, కార్పెట్లు, వైరింగు, ఆ కంప్యూటర్ పెట్టెలు అన్నీ కలిపితే మూడు లక్షలు ఇట్టే అవుతుంది. నేను చూడనివి కావు.

ఇక నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయని ఏడాదికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. ఇది మా ఇంటి కథే, మా అల్లుడు ఇక్కడ లేడు కాబట్టి చెప్పేస్తాను. షోలింగనల్లూరులో ఉద్యోగం. పాలసీ రాత్రి పన్నెండుకి అయిపోతుందనగా పదకొండూ నలభైకి మంచం మీద పడుకుని కొన్నాడు, అదీ కొత్త కంపెనీలో. 'పోయిన ఏడాది క్లెయిమ్ చేశారా?' అన్న ప్రశ్నకి 'లేదు' అని ముందే టిక్కు పెట్టి ఉంది. వీడు చేశాడు, తలుపు మార్పించుకున్నాడు. టిక్కు తీయలేదు. బోనస్ కింద 35 శాతం తగ్గిందని సంబరపడి నిద్రపోయాడు. ఏడు నెలలకు ఓఎంఆర్ రోడ్డు మీద వెనక నుంచి ఒక వ్యాను గుద్దింది. డిక్కీ తలుపు, బంపరు కలిపి ఎస్టిమేటు 62,000. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగింది, పాత క్లెయిమ్ బయటపడింది, 'తప్పుడు వివరణ' అని ఉత్తరం వచ్చింది. "మామయ్యా, నేను అబద్ధం చెప్పలేదు, ఫోన్ చెప్పింది" అన్నాడు. ఏమనాలి వాణ్ని? నాలుగు నెలలు ఉత్తరాలు రాసి రాసి, చివరికి కొంత కోసుకుని మిగిలింది ఇచ్చారు.

బోనస్ ఏడాదికి 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. ఒక్క క్లెయిమ్ చేస్తే సున్నాకి పడుతుంది. పాలసీ అయిపోయాక 90 రోజుల్లో కట్టకపోయినా పోతుంది. అది బండిది కాదు, మీది. బండి అమ్మేస్తే బోనస్ మీతో వస్తుంది, కొత్త కారుకి వాడుకోవచ్చు. అందుకే సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లకి అమ్మినాయన బోనస్ రాదు. కొన్న 14 రోజుల్లో పాలసీ మీ పేరు మీదికి మార్చమని అడగండి. ఆర్సీ ఒకరి పేరున, పాలసీ ఇంకొకరి పేరున ఉంటే నా రిపోర్టు ఎంత బాగా రాసినా డబ్బు రాదు.

ఇప్పుడు ఆ టక్ దగ్గరికొద్దాం.

ఇంజను గాలి పీల్చుకుంటుంది. సిలిండర్లో పిస్టను పైకొచ్చి ఆ గాలిని నొక్కుతుంది. గాలి నొక్కుడు పడుతుంది, నీళ్లు పడవు. గాలి పీల్చే గొట్టంలోంచి నీళ్లు సిలిండర్లోకి చేరాయనుకోండి, మీరు తాళం తిప్పితే పిస్టను పైకి రాబోతుంది, నీళ్లు ససేమిరా అంటాయి. ఆ రెంటి మధ్యా నలిగేది కనెక్టింగ్ రాడ్డు. వంగిపోతుంది. ఒక్కోసారి బ్లాకే పగులుతుంది. దీన్ని మా భాషలో హైడ్రోస్టాటిక్ లాక్ అంటాం. మామూలు ఫుల్ ఇన్సూరెన్సులో వరద నష్టం ఉంటుంది. కానీ నీళ్లు చేరాక మీరు స్టార్ట్ చేయడం వల్ల ఇంజను పోతే దాన్ని వరద చేసిన నష్టంగా కాక మీరు చేసుకున్న నష్టంగా చూస్తారు. దానికి 'ఇంజన్ ప్రొటెక్ట్' అని విడిగా ఒక యాడ్ ఆన్ తీసుకోవాలి.

నా బండికి అది లేదు. నా సర్వే నేనే చేసుకోకూడదు కదా, ఇంకో సర్వేయరొచ్చాడు. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడే. బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు ఊడదీశాడు. లోపల కాగితం ఫిల్టరు నీళ్లలో పడ్డ అప్పడంలా ఉంది, అడుగున సన్నటి బురద. వేలితో ఆ బురద రాసి చూశాడు. చూసి తలెత్తకుండానే, "సార్, స్టార్ట్ పణ్ణీంగళా?" అన్నాడు, స్టార్ట్ చేశారా అని. "పణ్ణేన్" అన్నాను, చేశానని. ఇంకేం మాట్లాడలేదు ఇద్దరం. సీట్లకీ వైరింగుకీ డబ్బొచ్చింది. ఇంజనుకి లక్షా ఎనభై వేలు నా జేబులోంచి పెట్టుకున్నాను. వాడు రాసింది న్యాయమే. నేనైనా అదే రాసేవాణ్ని.

వేళచ్చేరి, పళ్లికరణై, పెరుంగుడి, మన మడిపాక్కం. చిత్తడి నేల పక్కన ఇళ్లు కట్టుకున్నాం మనం. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను మనల్ని రెండు రోజులు ముంచి, 5వ తేదీన తీరిగ్గా మన బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడుండే వాళ్లు జీరో డెప్, అంటే భాగాల పాతదనానికి కోత వేయకుండా ఇచ్చే యాడ్ ఆన్, లేకపోయినా పర్లేదు గానీ, ఇంజన్ ప్రొటెక్ట్ మాత్రం వదలొద్దంటాను. షోరూము వాళ్లు 'కీ రీప్లేస్‌మెంట్' నుంచి మొదలుపెట్టి అన్నీ అంటగడతారు, వాటిని మీ ఇష్టానికి వదిలేస్తున్నా. అన్నట్టు, 2024 అక్టోబరులో వాన కబురు వినగానే జనం కార్లన్నీ తీసుకెళ్లి వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద వరసగా పెట్టారు చూడండి, టీవీల్లో చూసి అందరూ నవ్వారు. నాకు మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

సరే, బండి మునిగింది. ఏం చేయాలి?

తాళం ముట్టుకోవద్దు. వైపరు, లైటు, ఏసీ కూడా వెయ్యొద్దు. నీళ్లు ఇంకా ఉండగానే, నంబరు ప్లేటూ నీటి మట్టమూ రెండూ ఒకే ఫోటోలో పడేట్టు తీసుకోండి. తలుపు తెరిచి డాష్‌బోర్డు మీద బురద గీత ఎక్కడిదాకా ఉందో అదీ తీయండి. మేం వచ్చేసరికి ఎవరో ఒక పనిమనిషి శుభ్రంగా తుడిచేసి ఉంటుంది, పాపం మంచికే. ఆ గీత నాకు ఎంత అవసరమో ఆవిడకేం తెలుసు? తర్వాత కంపెనీ టోల్ ఫ్రీకో యాప్‌లోనో చెప్పి క్లెయిమ్ నంబరు తీసుకోండి. బ్యాటరీ తీగ తీయడం తెలిస్తే తీయండి, తెలియకపోతే వదిలేయండి. బండిని లారీ మీదికెక్కించి షెడ్డుకి చేర్చాలి తప్ప తోసుకుంటూ పోతూ గేరు వేసి స్టార్ట్ చేయాలని చూడొద్దు. ఆ పని చేసిన పెద్దమనిషి ఒకాయన ఈ హాల్లోనే ఉన్నారు, పేరు చెప్పను.

సర్వే కాకుండా ఏ భాగమూ విప్పించొద్దు. క్యాష్‌లెస్ షెడ్డయితే బిల్లు చాలావరకు కంపెనీయే షెడ్డుకి కడుతుంది. మిగతా చోట్ల మీరు కట్టి తెచ్చుకోవాలి. 2024 జూన్‌లో నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్ని వేయాలి, రిపోర్టు 15 రోజుల్లో రావాలి, వచ్చిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. వరదలప్పుడు మాలో ఒక్కొక్కరికీ పదుల కొద్దీ బండ్లు పడతాయి, అప్పుడు కొంచెం ఓపిక పట్టండి. అలాగని మరీ ఓపిక పట్టొద్దు.

సర్వేయరు మీ శత్రువూ కాదు, మీ పెదనాన్నా కాదు. నాకు ఫీజిచ్చేది కంపెనీ, లైసెన్సిచ్చేది ఐఆర్‌డీఏఐ. నేనడిగిందానికి ఉన్నదున్నట్టు చెప్పండి. "పార్కింగులోనే ఉంది, మేం ముట్టుకోలేదు" అని వంగిన రాడ్డు ముందు నిలబడి చెప్పేవాళ్లని చూసి చూసి విసుగొచ్చింది. ఇంకో మాట, ప్రమాదమప్పుడు నడిపింది మీ అబ్బాయైతే అబ్బాయనే చెప్పండి. వాడికి చెల్లే లైసెన్సుంటే చాలు, ఓనరే నడపాలని ఎక్కడా లేదు. నాన్న పేరు చెప్తే లేని తప్పు తెచ్చుకున్నట్టు.

పని అయ్యాక షెడ్డువాళ్లు సంతృప్తి చీటీ మీద సంతకం అడుగుతారు. ఒక రౌండు తిప్పి చూసి గానీ పెట్టొద్దు.

కంపెనీ మీ క్లెయిమ్ కాదన్నదనుకోండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్ ఉంది, 155255 ఫోన్ నంబరుంది. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా ఇన్సూరెన్సు తగాదాలు తీర్చే అంబుడ్స్‌మన్ దగ్గరికెళ్లొచ్చు. తిరస్కరించిన ఏడాది లోపు వెళ్లాలి. మన ఊరి ఆఫీసు తేనాంపేటలోనే ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కాగితాలు తేదీల వరసన పెట్టుకుపోతే చాలు.

ఏంటమ్మా? ఏడేళ్ల బండికి జీరో డెప్ కావాలా అనా? మంచి ప్రశ్న. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీ, టైర్లకి సగమే ఇస్తారు. అద్దానికి కోత లేదు. ఇనుప భాగాలకి బండి వయసుని బట్టి కోత, అయిదేళ్లు దాటి పదేళ్ల లోపు ఉంటే 40 శాతం. అంటే పదివేల బంపరుకి అయిదువేలు మీది, పైన 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరి వెయ్యి కూడా మీదే. జీరో డెప్ ఉంటే ఆ అయిదువేలు మిగులుతుంది. అయితే అంత పాత బండికి చాలా కంపెనీలు ఇవ్వవు, ఇచ్చినా రేటు బాగా వేస్తారు. రోజూ ఓఎంఆర్‌లో ఆఫీసుకి పోయే బండైతే అడిగి చూడు. ఆదివారం గుడికెళ్లే బండైతే వద్దు.

కాఫీ వచ్చినట్టుంది. అది తాగి ఒక్క పది నిమిషాలు కింద పార్కింగులోకి రండి. నా కారు బానెట్ ఎత్తి పెట్టాను, అది గాలి ఎక్కణ్నుంచి పీల్చుకుంటుందో చూపిస్తాను. టేపు కూడా తెచ్చాను. తర్వాత మీ బండ్లవీ ఒక్కొక్కటే ఎత్తి, నేల మీంచి ఎన్ని అంగుళాలున్నాయో కొలిచి, బానెట్ లోపలి వైపు మార్కర్‌తో రాసిపెడదాం.