మంచులో కారు దిగబడితే ఏది పనిచేస్తుంది? బోర్డులు, పిల్లి ఇసుక, పార: మా ఇంటి ముందే పరీక్ష

ముందు ఈ చప్పుడు వినండి. వింటున్నారా? ఈలలా వస్తోందే, అది మా కారు ముందు టైరుది. స్పీడోమీటర్ చూడండి, 30 చూపిస్తోంది. బండి మాత్రం అంగుళం కదల్లేదు.

నమస్కారం అండీ. మనం మిషిగన్‌లో నోవైలో ఉన్నాం. 24 డిగ్రీలు, ఫారెన్‌హీట్ లెండి, మన లెక్కలో మైనస్ 4. రాత్రంతా మంచు పడింది. పొద్దున్నే ప్లో ట్రక్, అంటే మంచు తోసే బండి, వచ్చి రోడ్డు శుభ్రం చేసి, ఆ తోసిన మంచంతా మా డ్రైవ్‌వేకి, అదే గ్యారేజీ నుంచి రోడ్డు దాకా ఉండే దారికి, అడ్డంగా గట్టు కట్టి పోయింది. చలిదేశంలో ఉండే మనవాళ్ళందరికీ తెలిసిన బాధే ఇది. నేనేం చేశానంటే, పార తీయడానికి బద్ధకించి, రివర్స్‌లో ఒక్క ఊపులో ఆ గట్టు దాటేద్దామనుకున్నా. వెనక చక్రాలు ఎక్కాయి, బండి గట్టు మీద కూర్చుంది. కాబట్టి ఇవాళ్టి పరీక్ష కోసం నేను కావాలని ఏర్పాటు చేసిందేం లేదు, పరువు పోయినా వీడియో దక్కింది.

రివ్యూకి ముందు ఒక్క విషయం, దీన్ని మాత్రం స్కిప్ చేయకండి. ఇటు వెనక్కి రండి. సైలెన్సర్ గొట్టం కనిపిస్తోందా? లేదు కదా. మంచులో పూడుకుపోయింది. ఇలాంటప్పుడు ఇంజిన్ ఆన్ చేసి హీటర్ వేసుకుని కూర్చుంటే, పొగ బయటికి పోయే దారి లేక కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి వాసనుండదు, నిద్ర వచ్చినట్టుంటుంది, అంతే. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీలో మంచు చూద్దామని వెళ్ళినవాళ్ళు 20 మందికి పైగా కార్లలోనే చనిపోయారు. చలి ఒక్కటే కాదు, ఈ గ్యాస్ కూడా కారణం. అందుకని బండి దిగబడితే మొదట చెయ్యి వెళ్ళాల్సింది గేర్ మీదకి కాదు, ఆ గొట్టం దగ్గరికి.

సరే, సామాన్లు చూద్దాం. అన్నీ నా డబ్బుతో కొన్నవే, ఎవరూ పంపలేదు.

మొదట ఈ ఎర్ర బోర్డులు. ట్రాక్షన్ బోర్డులంటారు, జారే చక్రానికి పట్టు దొరకడానికి కింద పెట్టే పలకలు, గట్టి ప్లాస్టిక్, పైన ముళ్ళలాంటి పళ్ళు. అందరూ అడుగుతున్నది వీటి గురించే. మాది ఫ్రంట్ వీల్ డ్రైవ్, కాబట్టి ముందు చక్రాలకే పెట్టాలి. వెనక చక్రాలకి పెట్టి ఉపయోగం లేదు, అవి ఊరికే దొర్లుతాయంతే. ఇంకోటి, నేను రోడ్డు మీదకే పోవాలని పంతం పట్టలేదు. వచ్చిన జాడ ఎప్పుడూ కాస్త గట్టిపడి ఉంటుంది, అటే తిరిగి పోవడం తేలిక. అంటే ముందుకి, గ్యారేజీ వైపు. బోర్డులు టైర్లకి ఆనించి యాక్సిలరేటర్ నొక్కా. చూడండి... స్లోలో మళ్ళీ చూపిస్తా... బోర్డు సర్రుమని బండి కిందకి దూసుకుపోయింది. అక్కడ మనిషి ఉంటే కాలు విరిగేది. చక్రం ముందు గానీ వెనక గానీ ఎవర్నీ నిలబడనివ్వకండి. పైగా పళ్ళు చూడండి, కరిగిపోయాయి. కొత్తవండీ, డబ్బా విప్పి పది నిమిషాలు కాలేదు! చక్రం ఒక్కచోటే గిర్రున తిరిగితే ఆ వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది. ఆ వేడికే అడుగున మంచు కూడా కరిగి, మళ్ళీ గడ్డకట్టి, అద్దంలా నునుపుదేలుతుంది.

అప్పటిదాకా కిటికీలోంచి చూస్తున్న మా మావయ్య గారు శాలువా కప్పుకుని బయటికొచ్చారు. తెనాలి దగ్గర వ్యవసాయం ఆయనది. మనవడు పుట్టాడని, చలికాలం వద్దంటే వినకుండా వచ్చారు. మంచు చూడటం ఇదే మొదటిసారి. వచ్చీ రాగానే ఏమన్నారంటే, "అల్లుడు గారూ, అట్టా తిప్పమాకండి. తిప్పేకొద్దీ దిగబడుద్ది. ముందు పొట్ట కింద తవ్వండి." వరిచేలో ట్రాక్టర్ దిగబడితే వాళ్ళు చేసేది అదేనట. తవ్వడం, చక్రం కింద తాటిమట్టలు పరచడం. నేను కొన్నవి ప్లాస్టిక్ తాటిమట్టలన్నమాట, జత 50 డాలర్లు.

ఆయన మాటే నిజం. వంగి చూస్తే బండి పొట్ట మంచు మీద ఆనుకుని ఉంది. అంటే బరువు చక్రాల మీద లేదు, గట్టు మీద ఉంది. బరువు లేని చక్రం కింద ఏం పెట్టినా పట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఇక పార. నా దగ్గర రెండున్నాయి. ఈ మడతపెట్టే చిన్న పార చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ, దీంతో బండి కింద మంచు లాగాలంటే మంచులో పడుకోవాలి. దీన్ని వాపసు పంపిస్తున్నా. రెండోది అల్యూమినియంది, పిడి ఊడదీసి డిక్కీలో పెట్టుకోవచ్చు. దీంతో ఇద్దరం ఇరవై నిమిషాలు తవ్వాం. చక్రాల ముందు, వెనక, పొట్ట కింద. తర్వాత స్టీరింగ్ తిన్నగా పెట్టి, ట్రాక్షన్ కంట్రోల్ ఆపేసి, బోర్డులు వేసి, కాలు ఆనీ ఆననట్టు పెట్టా. ఆ కంట్రోల్ ఆన్‌లో ఉంటే చక్రం జారగానే ఇంజిన్ పవర్ తగ్గించేస్తుంది, బండి మూలిగి ఊరుకుంటుంది. ఇదిగో... వచ్చేసింది.

అయితే నాకో అనుమానం. ఘనత బోర్డులదా, పారదా? మళ్ళీ అదే గట్టు ఎక్కించి, ఈసారి బోర్డులు లేకుండా తవ్వి, రెండు గుప్పిళ్ళ మామూలు ఇసుక చల్లా. వచ్చేసింది! మా ఆవిడ కెమెరా పట్టుకుని "మరి ఆ 50 డాలర్లో?" అంటోంది, వినిపించిందా?

పిల్లి ఇసుక, అంటే ఇంట్లో పెంచే పిల్లుల దొడ్డి తొట్టిలో పోసే గుళికలు, దాని సంగతి త్వరగా చెప్పేస్తా. ఉండకట్టే రకం తడి తగలగానే పేస్టయింది, ఇంకా జారింది. ఉండకట్టని మట్టి రకం ఫరవాలేదు. కానీ మామూలు ఇసుక బస్తా అంతకంటే చవక, అంతకంటే మేలు. గచ్చు మీద ఒట్టి ఐస్ పేరుకున్న చోట కూడా ఇసుకే గెలిచింది. అక్కడ బోర్డులే జారిపోయాయి. ఉప్పు మంచిదే గానీ కరిగించడానికి టైం పడుతుంది, 15 ఫారెన్‌హీట్ కంటే కిందకి పోతే మామూలు ఉప్పు దాదాపు పనిచేయదు. అప్పుడు కాల్షియం క్లోరైడ్ కావాలి. వేణ్ణీళ్ళు మాత్రం పోయకండి బాబూ. మా మొదటి చలికాలంలో పోశాను, పావుగంటకల్లా డ్రైవ్‌వే స్కేటింగ్ రింక్ అయింది.

తాడు నేను పరీక్షించలేదు, లాగే బండి లేక. ఒక్కటే చెప్తా, ఎవరైనా లాగడానికొస్తే ట్రైలర్ తగిలించే ఆ గుండ్రటి బాల్‌కి తాడు కట్టనివ్వకండి. అది విరిగితే తూటాలా వస్తుంది, మనుషులు పోయారు. తాడు కట్టడానికి బంపర్లో బిగించే కొక్కెం చాలా బండ్లతోనే వస్తుంది, స్పేర్ టైరు దగ్గర వెతకండి.

వర్జీనియాలో ఉన్నవాళ్ళకి 2022 జనవరి గుర్తుండే ఉంటుంది. ఐ-95 హైవే మీద మంచుకి వందల బండ్లు రోజంతా ఆగిపోయాయి, సెనేటర్ టిమ్ కెయిన్ అంతటాయన 27 గంటలు కారులోనే ఉన్నారు. అందుకే నా డిక్కీలో పారతో పాటు ఒక దుప్పటి, నీళ్ళు, రెండు ప్యాకెట్ల చేగోడీలు కూడా ఉంటాయి. నా మార్కులు: పారకి పదికి తొమ్మిది, ఇసుకకి ఎనిమిది, బోర్డులకి ఆరు. అదీ తవ్విన తర్వాతే...

ఒక్క నిమిషం. ఆ పసుపు లైటు కనిపిస్తోందా? ప్లో ట్రక్ మళ్ళీ వస్తోంది. వద్దు, వద్దు... పోసేశాడు. మొత్తం మళ్ళీ మా గుమ్మానికే పోసేశాడు. మావయ్య గారూ, ఆ పార ఇటివ్వండి.