టీటన్ కౌంటీ ఆదాయం పెరిగింది, సరే. ఎవరిది?

2021లో అమెరికా మొత్తంలో తలసరి ఆదాయం ఎక్కువున్న కౌంటీ (మన జిల్లా లాంటిది) వయోమింగ్ రాష్ట్రంలోని టీటన్. జనం 23 వేల పైచిలుకు, నేలలో 97 శాతం ప్రభుత్వానిదే, తలసరి మాత్రం 3 లక్షల డాలర్ల పైనే. ఈ అంకె చూపించి "అక్కడోళ్ల సంపాదన ఎంత పెరిగిందో" అంటుంటే ఒళ్లు మండుతుంది. ఉన్నవాళ్ల సంపాదన పెరగడం వేరు, ఉండేవాళ్లే మారిపోవడం వేరు.

ఇది తేల్చేది ఐఆర్ఎస్, అంటే అమెరికా పన్నుల శాఖ, వలస ఫైళ్లు. అవేంటో చదివింపుల పుస్తకంతో చెప్తా.

[స్క్రీన్ మీద: పెళ్లి చదివింపుల పుస్తకం]

ఒక్కో వరసలో పేరు, ఊరు, ఎంత చదివించారు. పన్ను రిటర్నూ అంతే, ఒక రిటర్ను అంటే దాదాపు ఒక కుటుంబం. నిరుటి పుస్తకం, ఈ ఏటి పుస్తకం పక్కపక్కన పెట్టి, అదే పేరుకు ఊరు మారితే వలస అని రాసుకుంటారు. భోంచేసి చదివించకుండా వెళ్లినవాళ్లు పుస్తకంలో ఉండరు కదా, రిటర్ను వేయనివాళ్లు కూడా ఇందులో కనిపించరు.

ఇప్పుడు 99 మంది 516 చొప్పున రాయించి, ఒక్క మేనమామ లక్ష రాయించాడనుకోండి. సగటు 1,510 దాటుతుంది. ఆ 99 మందీ రాయించింది మాత్రం 516లే.

వయోమింగ్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. డివిడెండ్లు, వడ్డీల మీద బతికే మేనమామలు అడ్రసు అక్కడికి మార్చుకుంటారు. హోటల్ గదులు సర్దేవాళ్లకు, వంటవాళ్లకు టీటన్‌లోని జాక్సన్ పట్టణంలో అద్దెలు అందక, 8,431 అడుగుల టీటన్ కనుమ దాటి పక్క రాష్ట్రం ఐడహోలోని విక్టర్, డ్రిగ్స్‌లకు మారతారు. పుస్తకంలో వాళ్ల ఊరు మారింది, పని మాత్రం జాక్సన్‌లోనే. 2024 జూన్‌లో కనుమ రోడ్డు జారిపోతే దాదాపు 3 వారాలు చుట్టుదారిన వచ్చి మరీ పనిచేశారు. వాళ్లను "ఉపాధి లేక వెళ్లిపోయినవాళ్లు" అనడం తప్పు.

[స్క్రీన్ మీద: 56039, 16081]

ఇవి ఫైళ్లలో కౌంటీల కోడ్‌లు. మొదటిది వయోమింగ్ టీటన్. రెండోది కనుమ అవతలి ఐడహో కౌంటీ, దాని పేరూ టీటనే! పేరుతో వెతికితే రెండూ కలిసిపోతాయి, కోడ్‌తోనే వెతకండి. రాష్ట్రం కోడ్ 96, 97, 98 ఉన్నవి మొత్తాల వరసలు. వాటినీ కలిపి కూడితే లెక్క కొన్ని రెట్లు పెరిగిపోతుంది. ఆదాయం వేల డాలర్లలో ఉంటుంది, మూడు సున్నాలు మరిచిపోవద్దు. 20 రిటర్నుల కన్నా తక్కువున్న వలసలు విడిగా చూపరు, "ఇతరులు"లో పడేస్తారు. చిన్న కౌంటీల్లో ఇది చాలా బాధిస్తుంది.

టైమ్ అయిపోతోంది, అసలు లెక్క త్వరగా చెప్పేస్తా. వచ్చినవాళ్లు, వెళ్లినవాళ్లు, కదలనివాళ్లు, ముగ్గురికీ ఆదాయాన్ని రిటర్నుల సంఖ్యతో భాగించండి. వచ్చినవాళ్ల సగటు వెళ్లినవాళ్లకన్నా బాగా ఎక్కువగా ఉండి, కదలనివాళ్లది అలాగే ఉంటే, మారింది మనుషులే. కదలనివాళ్లదీ పెరిగితే వెంటనే సంబరపడొద్దు, ఊళ్లో ఉన్న మేనమామ ఆ ఏడు షేర్లు అమ్మి ఉండొచ్చు. అందుకే కనీసం అయిదేళ్ల ఫైళ్లు వరసగా పెట్టుకోండి. తక్కువ నుంచి ఎక్కువకు పేరిస్తే సరిగ్గా నడిమికొచ్చే వరస, అంటే మీడియన్, కావాలంటే ఈ ఫైళ్లలో దొరకదు, సెన్సస్ వాళ్ల ఏసీఎస్ (అమెరికన్ కమ్యూనిటీ సర్వే)లో మీడియన్ కుటుంబ ఆదాయం తీయండి.