పిల్లలెప్పుడో చెప్పేది ఎవరు?

యాంకర్: నమస్తే అండి. ఆడపిల్ల చదువుకుంటే పిల్లల్ని తక్కువ కంటుంది అంటారు కదా, డాక్టర్ గారూ, నిజమేనా?

డాక్టర్: దేశం మొత్తం చూస్తే నిజమేనండి. 2019-21 ఫ్యామిలీ హెల్త్ సర్వే లెక్కల్లో బడి మొహం చూడనివాళ్లకి సగటున 2.8 మంది పిల్లలు, 12 ఏళ్లు ఆపైన చదివినవాళ్లకి 1.8. కానీ ఆంధ్రాలో పెద్దగా చదవనివాళ్లు కూడా ఇద్దరితో ఆపేశారు, అదే సర్వేలో మన సగటు 1.7.

యాంకర్: మరింక చదువుతో పనేముంది?

ఏఎన్ఎం (ఊళ్లలో తిరిగే ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త): ఎందుకు లేదండీ! ఎలా ఆపారో చూడండి. పదిహేడుకి పెళ్లి, ఏడాది తిరక్కుండా కాన్పు, ఇరవై రెండొచ్చేసరికి ఇద్దరు, వెంటనే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, నేను తిరిగే ఊళ్లలో మొన్నటిదాకా ఇదే వరస. కాన్పుల మధ్య ఎడం పెట్టుకోవచ్చని చెబుదామని వెళ్తే నాతో మాట్లాడేది అత్తగారు, ఆ పిల్లేమో తలుపు చాటున నిలబడి వింటూ ఉంటుంది.

డాక్టర్: అవును, అదే సర్వేలో ఆంధ్రాలో పెళ్లై 49 ఏళ్లలోపున్న ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మందికి ఆపరేషనే అయింది. మగాళ్లకి చేసే ఆపరేషన్, వేసెక్టమీ, ఒక్క శాతం కూడా లేదు, నిజానికి అదే చిన్న పని, ఆ రోజే ఇంటికెళ్లిపోవచ్చు.

లెక్చరర్: చదువు అంటే సర్టిఫికెట్ అనుకుంటే మాత్రం నేనొప్పుకోనండి. డిగ్రీ చదివిన మా అమ్మాయిలే పెళ్లైన మూడో నెలకి "విశేషం ఏమైనా ఉందా" అని అడుగుతుంటే తట్టుకోలేక, ఉద్యోగం ప్రయత్నం పక్కన పెట్టేసి కనేస్తున్నారు. బళ్లో పునరుత్పత్తి పాఠం వస్తే ఇంటి దగ్గర చదువుకోండని దాటేస్తాం, ఆ తప్పు మా టీచర్లదే.

ఏఎన్ఎం: అయినా తేడా ఉంది సార్. టెన్త్ దాటిన పిల్ల నోరు తెరిచి అడుగుతుంది. గర్భం రాకుండా వేసే అంతర ఇంజెక్షన్ మూడు నెలలకోసారి, అందుకే వాడే ఛాయ మాత్రలు, కాపర్ టీ అన్నీ మా దగ్గర ఫ్రీనే. "అక్కా, ఇంజెక్షన్ మానేస్తే మళ్లీ నెల తప్పుతానా" అంటుంది.

డాక్టర్: తప్పుతుంది, కాకపోతే మానేశాక కొన్ని నెలలు పట్టొచ్చు, ఆ మాట ముందే చెప్పాలి.

ఏఎన్ఎం: చెప్తానండి. ఒకమ్మాయైతే నర్సింగ్ కోర్సు అయ్యేదాకా పిల్లలొద్దని భర్తని వెంటబెట్టుకుని వచ్చింది, తర్వాత డోసు తేదీ అతనే ఫోన్‌లో రాసుకున్నాడు.